కొత్త ఫోన్ వస్తోంది సరే, చేతిలో ఉన్నదానికి ఏమైంది?

2021 సెప్టెంబరులో ఐఫోన్ 13 మన దేశంలో రూ.79,900కు అమ్మకానికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఐఫోన్ 14 కూడా అదే రూ.79,900కు వచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెడితే ఏది కొత్తదో, ఏది పాతదో చెప్పడం కష్టం. లోపల అదే ఏ15 చిప్, కాకపోతే గ్రాఫిక్స్ కోర్ ఒకటి ఎక్కువ. తెర అదే 6.1 అంగుళాలు, అదే 60 హెర్ట్జ్ (అంటే తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది). ర్యామ్ 4 జీబీ నుంచి 6 జీబీ అయింది, కెమెరా కాస్త మెరుగుపడింది, కారు ప్రమాదాన్ని పసిగట్టే సదుపాయం ఒకటి చేరింది. అంతే. 14 వచ్చిన రోజునే 13 ధర రూ.69,900కు దిగింది. ఆ ఏడాది తెలివైన బేరం ఎవరిదంటే, 14 వచ్చేదాకా ఆగి 13 కొనుక్కున్నవాళ్లది.

మూడేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరులో లెక్క తిరగబడింది. ఐఫోన్ 17 ప్రారంభ ధర రూ.82,900. 16 వచ్చినప్పటి ధర రూ.79,900 కాబట్టి 3 వేలు పెంచారని అందరూ గొణిగారు. కానీ 79,900కు వచ్చింది 128 జీబీ ఫోన్. 256 జీబీ కావాలంటే 16కు రూ.89,900 పెట్టాల్సి వచ్చేది. 17లో 256 జీబీయే మొదటి మెట్టు. అంటే సమాన స్టోరేజ్‌తో పోలిస్తే 7 వేలు తగ్గినట్టు. పైగా తెర 120 హెర్ట్జ్ అయింది (15, 20 వేల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎప్పటినుంచో ఉన్నదాన్ని ఆపిల్ తన మామూలు మోడల్‌కు ఇవ్వడానికి 2025 దాకా పట్టింది, అది వేరే కథ). సెల్ఫీ కెమెరా మారింది, అల్ట్రావైడ్ కెమెరా కూడా 48 మెగాపిక్సెల్ అయింది. 69,900కు తగ్గిన 16ను తీసుకోవడం కంటే ఇంకో 13 వేలు వేసి 17 తీసుకోవడమే ఆ ఏడాది మేలు.

ఒకే కంపెనీ, ఒకే వరస, దాదాపు ఒకే ధర. అయినా ఒక ఏడాది పాతది కొనాలి, ఇంకో ఏడాది కొత్తది కొనాలి. అందుకే "కొత్తది వస్తోందట, ఆగమంటారా?" అనే ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాళ్లను అంతగా నమ్మక్కర్లేదు. ఫోన్‌ను బట్టి, ఆ ఏడాదిని బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా అడిగేవాళ్ల జేబులో ప్రస్తుతం ఏముందో దాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఎవరితో పోల్చాలి

యూట్యూబ్ రివ్యూల్లో పోలిక ఎప్పుడూ నిరుటి మోడల్‌తోనే. రివ్యూ చేసేవాళ్లకు ఏటా ఫోన్ చేతికొస్తుంది కాబట్టి వాళ్లకు ఆ పోలిక సహజం. మామూలు కొనుగోలుదారు చేతిలో ఉండేది మాత్రం మూడేళ్ల కిందటిదో నాలుగేళ్ల కిందటిదో. ఐఫోన్ 13 వాడుతున్నవాళ్లకు 17 అంటే నాలుగు మెట్లు ఒకేసారి ఎక్కడం: ర్యామ్ రెట్టింపు, మొదటి స్టోరేజ్ రెట్టింపు, కెమెరా 12 మెగాపిక్సెల్ నుంచి 48, ఛార్జింగ్‌కు లైట్నింగ్ పోయి టైప్-సీ. "పెద్ద తేడా ఏం లేదు" అని రివ్యూలో చెప్పిన మాట 16 ఉన్నవాళ్లకు, మన దగ్గర 13 ఉంటే ఆ మాట మనది కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎన్ని మెట్లు ఎక్కినా కొన్నిచోట్ల ఏమీ మారదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్23, ఎస్24, ఎస్25 మామూలు మోడళ్లు తీసుకోండి. వెనక కెమెరాలు మూడిటిలోనూ 50, 12, 10 మెగాపిక్సెళ్లే, జూమ్ అదే 3 రెట్లు, ఛార్జింగ్ అదే 25 వాట్లు. బ్యాటరీ ఎస్23లో 3,900 ఎంఏహెచ్, తర్వాతి రెండిటిలో 4,000. చిప్ మారింది, ర్యామ్ 8 నుంచి 12 జీబీ అయింది, అప్‌డేట్ల గడువు పెరిగింది. ఎస్23తో ఫొటోలు బాగానే వస్తున్నాయి, సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోవడమే బాధ అనుకునేవాళ్లు ఎస్25 కొంటే ఆ బాధలో చెప్పుకోదగ్గ భాగం అలాగే మిగిలిపోతుంది. డబ్బు మాత్రం, విడుదలైనప్పటి ధర లెక్కన, 80 వేలు దాటిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోన్ మీద విసుగొచ్చింది, కొత్తది వచ్చింది, కాబట్టి కొత్తది ఆ విసుగును పోగొడుతుందనుకుంటారు. విసుగు దేనివల్ల వచ్చిందో ముందు చూసుకోవాలి. స్టోరేజ్ ఫుల్ అని రోజూ హెచ్చరిక వస్తుంటే వాట్సాప్‌లో పేరుకుపోయిన గుడ్‌మార్నింగ్ బొమ్మలూ వీడియోలూ తీసేస్తే సగం సమస్య పోతుంది. ఛార్జింగ్ నిలవకపోతే అది బ్యాటరీ సమస్య. యాప్‌లు తెరుచుకోవడానికి నత్తనడక నడుస్తుంటే ర్యామ్ చాలట్లేదేమో చూడాలి, అప్పుడు నిజంగానే కొత్త ఫోన్ కావాలి. తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడితే, అది వారంటీ దాటిన ఫోనైతే, తెర మార్పించే ఖర్చు చాలాసార్లు ఫోన్ విలువకు దగ్గరగా ఉంటుంది. అక్కడ ఆలోచించేదేమీ లేదు.

బ్యాటరీ సంగతి

ఫోన్ పాతదైపోయింది అనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం బ్యాటరీ పాతదవడమే. దీనికి పెద్ద సాక్ష్యం ఆపిల్ కంపెనీయే. బ్యాటరీ అరిగిన పాత ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆ కంపెనీ ఒప్పుకుంది. గొడవ పెద్దదవడంతో 2018 అంతా బ్యాటరీ మార్పిడిని 79 డాలర్లకు బదులు 29 డాలర్లకే చేసిపెట్టింది. 2019 జనవరి మొదట్లో ఆపిల్ అధిపతి టిమ్ కుక్ ఇన్వెస్టర్లకు రాసిన లేఖలో, కొత్త ఐఫోన్లు అనుకున్నంతగా అమ్ముడుపోకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీ మార్పిడి కూడా ఒకటి. బ్యాటరీ మార్పిస్తే పాత ఫోన్ మళ్లీ పనికొస్తుందని, కొత్తది కొనక్కర్లేదని జనం తెలుసుకున్నారని అమ్మేవాడే చెప్పినట్టయింది కదా.

లిథియం అయాన్ బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయితే అంతగా అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకు ముందువాటి బ్యాటరీలు 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1,000 సార్లు. రోజుకో పూర్తి ఛార్జ్ లెక్కన 500 అంటే ఏడాదిన్నర కంటే ఓ నెలన్నర తక్కువే. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి తమ దగ్గర అమ్మే ప్రతి ఫోన్ బ్యాటరీ 800 ఛార్జ్‌ల తర్వాత కూడా 80 శాతం నిలవాలని నిబంధన పెట్టింది. వాటిలో కొన్ని మోడళ్లు మన దగ్గరకూ వస్తాయి కాబట్టి దాని లాభం కొంత మనకూ దక్కుతుంది.

ఈ లెక్కలేవీ తెలుగు రాష్ట్రాల ఎండను చూసి వేసినవి కావు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడాలని, 35 దాటిన వేడిలో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని ఆపిల్ సూచనల్లోనే ఉంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం సంగతి అటుంచి, పొద్దున పదకొండుకే 35 దాటిపోతుంది. బైక్ హ్యాండిల్‌కు ఫోన్ తగిలించుకుని మ్యాప్ చూస్తూ, పైన ఎండ, లోపల జీపీఎస్, ఫుల్ బ్రైట్‌నెస్‌తో రోజంతా తిరిగే డెలివరీ కుర్రాడి ఫోన్ బ్యాటరీ, ఏసీ ఆఫీసులో టేబుల్ మీద పడి ఉండే అదే మోడల్ బ్యాటరీ ఒకే వయసులో ఒకేలా ఉండవు. కాబట్టి "రెండేళ్లకే బ్యాటరీ పోయింది, ఈ కంపెనీ ఫోన్లింతే" అనే తీర్పుల్ని కొంచెం తగ్గించి వినాలి.

ఐఫోన్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్తే మిగిలిన సామర్థ్యం శాతంలో కనిపిస్తుంది. శాంసంగ్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో పరీక్ష చేసుకోవచ్చు. 80 కంటే కిందికి పడి, మిగతాదంతా బాగుంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ధర కనుక్కోవడం మంచిది. ఖరీదైన ఫోన్ విషయంలో కొత్త ఫోన్ ధరతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లాంటి చోట్ల ఇంకా తక్కువకే వేస్తారు. కానీ ఒరిజినల్ అని చెప్పి వేసింది ఏమిటో ఆర్నెల్ల తర్వాతగానీ తెలియదు. ఉబ్బే బ్యాటరీతో ప్రమాదం కూడా ఉంది, అక్కడ పొదుపు చేయకపోవడమే నయం.

అయితే కొత్త ఫోన్ కొనడానికి బ్యాటరీయే అసలైన కారణమయ్యే రోజులు కూడా వచ్చాయి. సిలికాన్-కార్బన్ రకం బ్యాటరీలతో అదే సైజులో ఎక్కువ ఛార్జ్ పట్టించడం సాధ్యమైంది. వన్‌ప్లస్ 12లో 5,400 ఎంఏహెచ్ ఉంటే, 13లో 6,000, 2025 నవంబరులో మన దేశానికొచ్చిన 15లో 7,300. రెండేళ్లు కూడా నిండకుండా 35 శాతం పెరుగుదల. రోజంతా బయట తిరిగేవాళ్లకు ఇది కాగితం మీది తేడా కాదు. కాకపోతే అదే వన్‌ప్లస్ 15లో తెర రిజల్యూషన్‌ను 13 కంటే తగ్గించారు, కెమెరా సెన్సర్లు కూడా చిన్నవయ్యాయి. కొత్తది కాబట్టి అన్నీ మెరుగ్గా ఉంటాయనుకుని, ఫొటోల కోసం 13 నుంచి 15కు మారితే వెనక్కి నడిచినట్టే.

రేపు వస్తాయన్న ఫీచర్లు

2020 ఫిబ్రవరి 24న రియల్‌మీ ఎక్స్50 ప్రో మన దేశంలో మొదటి 5జీ ఫోన్‌గా విడుదలైంది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ "ఎలాగూ 5జీ వస్తుంది కదా, ఇప్పుడే తీసుకుంటే నిశ్చింత" అనుకుని ఎందరో ఎక్కువ పెట్టి 5జీ ఫోన్లు కొన్నారు. దేశంలో 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న. అదీ మొదట కొన్ని నగరాల్లోనే. అప్పుడు కూడా చాలా ఫోన్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తేగానీ సిగ్నల్ అందలేదు; ఐఫోన్లకు డిసెంబరు దాకా పట్టింది. తీరా ఊళ్లోకి 5జీ వచ్చేసరికి ఆ పాత ఫోన్ల బ్యాటరీలు అరిగిపోయాయి, అంతకంటే మంచి 5జీ ఫోన్లు సగం ధరకు దొరికాయి.

ఇప్పుడు 5జీ స్థానంలోకి ఏఐ వచ్చింది. 2024 జూన్‌లో ఆపిల్ తన వాయిస్ అసిస్టెంట్ సిరికి కొత్త రూపాన్ని చూపించింది. మన మెయిళ్లూ మెసేజ్‌లూ చదివి, సందర్భం అర్థం చేసుకుని పని చేసిపెడుతుందన్నారు. ఐఫోన్ 16ను ఆ పేరు మీదే ప్రచారం చేశారు. 2025 మార్చిలో, ఆ సిరి ఆలస్యమవుతుందని కంపెనీ ప్రకటించి, దాని మీద తీసిన ప్రకటనను తొలగించింది. అమెరికాలో కోర్టు కేసులు పడ్డాయి. ఆ సిరి కోసం 16 కొన్నవాళ్లు ఏడాదికి పైగా మామూలు సిరితోనే సరిపెట్టుకున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ శాంసంగ్‌ది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 రాగానే అందరూ మాట్లాడింది గెలాక్సీ ఏఐ గురించే: ఫోన్ కాల్‌ను అనువదించడం, ఫొటోలో వస్తువును జరపడం, తెర మీద గీత గీసి వెతకడం. మార్చి నెలాఖరుకల్లా వాటిలో చాలావరకు ఎస్23కు కూడా అప్‌డేట్‌లో ఉచితంగా వచ్చేశాయి. వాటికోసమే ఎస్23ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసినవాళ్లు రెండు నెలలు ఆగి ఉంటే సరిపోయేది. ఇంకోటి, ఆ కాల్ అనువాదం మొదట వచ్చిన 13 భాషల్లో భారతీయ భాష హిందీ ఒక్కటే. హైదరాబాద్ షోరూమ్‌లో డెమో చూసి ముచ్చటపడ్డవాళ్లలో ఎంతమందికి దానితో నిజంగా పని పడిందో మరి. తెలుగులో మాట్లాడే ఏఐ కావాలంటే గూగుల్ జెమిని యాప్ 2024 జూన్ నుంచి తెలుగుతో సహా 9 భారతీయ భాషల్లో ఉంది, మూడేళ్ల కిందటి ఫోన్‌లోనూ నడుస్తుంది.

మరి ఏఐని అసలు లెక్కలోకి తీసుకోకూడదా అంటే, అలా కూడా కాదు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 కొన్నవాళ్లకు ఏడాది తిరక్కుండానే తమ ఫోన్‌లో ఆపిల్ ఇంటెలిజెన్స్ (ఆపిల్ ఏఐ ఫీచర్లు) రాదని తెలిసింది. దానికి 15 ప్రో గానీ ఆ తర్వాతి ఫోన్లు గానీ కావాలి. ర్యామ్ 6 జీబీ దగ్గర ఆగిపోవడం ఒక ముఖ్య కారణం. ఫోన్‌ను ఐదారేళ్లు వాడదామనుకునేవాళ్లు ఏఐ ఫీచర్ల పేర్లు వదిలేసి ర్యామ్ ఎంతో చూసుకోవడం మంచిది. పేర్లు ఏటా మారతాయి, ఫోన్‌లో బిగించిన ర్యామ్ మారదు.

అప్‌డేట్ల గడువు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను హడలెత్తించింది. మెసేజ్‌లో 'జ్ఞా' ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చి పంపితే యాప్ కూలిపోయేది, కొన్నిసార్లు ఫోన్ మొత్తం మొరాయించేది. కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అప్‌డేట్ అందే ఫోన్లు బతికిపోయాయి. ఇది నవ్వుకునే ఉదాహరణ గానీ, బ్యాంకు యాప్, యూపీఐ, ఓటీపీలు అన్నీ ఉండే పరికరంలో రంధ్రం పడితే పూడ్చేవాడు ఉన్నాడా లేడా అన్నది నవ్వులాట కాదు.

గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024 జనవరిలో ఎస్24తో 7 ఏళ్ల అప్‌డేట్ల హామీ మొదలుపెట్టాయి. ఎస్23కు సెక్యూరిటీ అప్‌డేట్లు 5 ఏళ్లే. ఆ గడువు ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. సేల్‌లో పాత మోడల్ చవగ్గా కొనేటప్పుడు మర్చిపోయే విషయం ఇదే. 5 ఏళ్ల గడువున్న ఫోన్ విడుదలైన రెండేళ్లకు 40 వేలకు దొరికిందనుకుందాం. మిగిలింది 3 ఏళ్లు, అంటే ఏడాదికి 13 వేల పైచిలుకు. 7 ఏళ్ల గడువున్న కొత్తది 80 వేలైతే ఏడాదికి 11,500 లోపే. నిజంగా ఏడేళ్లూ వాడితేనే ఈ లెక్క నిలుస్తుంది. మధ్యలో ఓసారి బ్యాటరీ మార్చక తప్పదు. మూడేళ్లకే మార్చేసే అలవాటున్నవాళ్లకు 40 వేలదే మేలు.

మన ఇళ్లలో దీనికి ఇంకో కోణం ఉంది. కొడుకు కొత్త ఫోన్ కొంటే పాతది అమ్మకు వెళ్తుంది, అమ్మది పనిమనిషికో ఊళ్లో బాబాయికో వెళ్తుంది. ఎక్స్ఛేంజ్‌లో వచ్చే నాలుగైదు వేలకంటే అదే ఉపయోగం అనుకుంటారు, తప్పులేదు. కానీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌ను, వచ్చిన ప్రతి లింకునూ నొక్కే అలవాటున్న పెద్దవాళ్ల చేతికిచ్చి అందులోనే పింఛను ఖాతా, ఫోన్‌పే పెట్టించడం మాత్రం మంచి పని కాదు. ఇంట్లో నిజంగా కొత్త ఫోన్ అవసరం ఎవరికి ఉందో చూస్తే చాలాసార్లు అది కొడుక్కి కాదు.

15 నుంచి 25 వేల మధ్య

పైన చెప్పుకున్నవన్నీ ఎక్కువగా ఖరీదైన ఫోన్లు. జనం ఎక్కువగా కొనే ధరల్లో వేరే తంటా ఉంది: కొత్త పేరుతో వచ్చేదంతా కొత్తది కాదు. 2021లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 695 చిప్పే కొద్ది మార్పులతో 2024లో స్నాప్‌డ్రాగన్ 6ఎస్ జెన్ 3 అయింది. డైమెన్సిటీ 810 అనే ఇంకో చిప్‌కి మరో రూపమే డైమెన్సిటీ 6080. రెడ్‌మీ నోట్ 13 ప్రో 5జీ, పోకో ఎక్స్6 5జీ లోపల దాదాపు ఒకటే ఫోన్. ఈ ధరల్లో మూడేళ్ల కిందటి ఫోన్ నుంచి కొత్తదానికి మారినా చిప్ ఉన్నచోటే ఉండే ప్రమాదం ఉంది. 4 జీబీ ర్యామ్ ఉన్న 4జీ ఫోన్ నుంచి మారేవాళ్లకు ఏది కొన్నా తేడా కనిపిస్తుంది. ఇప్పటికే 8 జీబీ 5జీ ఫోన్ ఉన్నవాళ్లు చిప్ పేరు పక్కన అది తయారైన ఏడాది ఎంతో చూసుకోకుండా డబ్బు కట్టకపోవడం మేలు.

అమెరికా రివ్యూ, అమెరికా ఫోన్

గెలాక్సీ ఎస్24 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ చిప్‌తో, మన దగ్గర శాంసంగ్ సొంత ఎగ్జినోస్ 2400తో అమ్ముడైంది. పేరు ఒకటే, గుండె వేరు. అక్కడి రివ్యూలో చెప్పిన బ్యాటరీ గంటలు, గేమింగ్ వేడి ఇక్కడి ఫోన్‌కు అచ్చంగా వర్తించవు. ఎస్25కు వచ్చేసరికి అన్ని దేశాల్లోనూ స్నాప్‌డ్రాగనే. కాబట్టి రాబోయే ఫోన్ గురించి లీకులు చదివేటప్పుడు మన దేశపు మోడల్‌లో ఏ చిప్ వస్తుందన్నది తేలేదాకా తొందరపడకూడదు. లీకుల్లో డిజైన్, కెమెరా అమరిక తరచుగా నిజమే అవుతాయి, కవర్లు తయారుచేసేవాళ్లకు కొలతలు ముందే కావాలి కాబట్టి. మన దగ్గరి ధర విషయంలో అవి తప్పడం మామూలే.

డల్లాస్‌లో ఉన్న బావగారితోనో కోడలితోనో ఐఫోన్ తెప్పించుకునే అలవాటు తెలుగు ఇళ్లలో పాతదే. ఒకప్పుడు అందులో గట్టి లాభం ఉండేది. ఐఫోన్ 17 వచ్చినప్పుడు అక్కడ 799 డాలర్లు. టెక్సస్‌లో 8.25 శాతం దాకా సేల్స్ ట్యాక్స్ పడుతుంది, మొత్తం 865 డాలర్లు. డాలరు అప్పట్లోలా 88 రూపాయలనుకుంటే రూ.76 వేల పైన. ఇక్కడ రూ.82,900లో బ్యాంకు కార్డు తగ్గింపు తీసేస్తే మిగిలే తేడా చాలా తక్కువ. పైగా 2022లో ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టుకునే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకునే అలవాటున్నవాళ్లకు అదో తలనొప్పి. ప్రో మోడళ్లలో తేడా ఇంకా కొంత ఉంటుంది, అది కూడా బావగారు ఎలాగూ వస్తుంటేనే.

ధర ఎప్పుడు దిగుతుంది, ఎప్పుడు దిగదు

ఆపిల్ సెప్టెంబరులో కొత్తది తెచ్చి పాతదాన్ని 10 వేలు తగ్గిస్తుంది. కొద్ది రోజులకే దసరా, దీపావళి సేల్స్ మొదలవుతాయి, అక్కడ పాత మోడల్ ఇంకా దిగుతుంది. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లు జులై, ఆగస్టుల్లో ఐఫోన్ కొనరు. శాంసంగ్ ఎస్ వరసకు ఆ కాలం ఏడాది మొదట్లో వస్తుంది. ఎక్స్ఛేంజ్ ప్రకటనలో కనిపించే పెద్ద అంకె పక్కన "వరకు" అనే చిన్న మాట ఉంటుంది. ఇంటికొచ్చినవాడు తెర మీద గీత చూసి సగం కోసేస్తే గానీ దాని అర్థం తెలియదు.

నో-కాస్ట్ ఈఎంఐ గురించి కూడా ఒక లెక్క చూద్దాం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. జరిగేదేమిటంటే, వడ్డీ ఎంతో అంత ముందే ధరలో తగ్గింపుగా ఇస్తారు, తర్వాత బ్యాంకు దాన్ని వడ్డీగా వసూలు చేస్తుంది. 80 వేల ఫోన్‌ను 12 నెలలకు తీసుకుంటే నెలకు రూ.6,667. బ్యాంకు వడ్డీ 16 శాతమైతే 12 నెలలకూ కలిపి ఇందులో వడ్డీ భాగం సుమారు రూ.6,500. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.1,175, ప్రాసెసింగ్ ఫీజు అదనం. "నో-కాస్ట్" ఖర్చు అది. పెద్దదేమీ కాదు. పెద్దది ఏమిటంటే, చాలాచోట్ల మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు దొరికే తగ్గింపు ఈఎంఐ తీసుకున్నవాళ్లకు దొరకదు, ఆ తేడా ఎంతో ఎవరూ అడగరు.

నెలకెంత పడుతోందన్న లెక్క ఇంకో రకంగానూ వేసుకోవచ్చు. 80 వేలకు కొని ఏడాదికి 50 వేలకు అమ్మితే నెలకు 2,500. మూడేళ్లు వాడి 20 వేలకు అమ్మితే దాదాపు 1,670. ఐదేళ్లు వాడి, మధ్యలో 8 వేలతో బ్యాటరీ మార్పించి, చివర 8 వేలకు వదిలించుకుంటే 1,330. ఏటా మార్చాలన్న సరదాకు, ఐదేళ్లు నెట్టుకురావడానికి మధ్య తేడా నెలకు పదకొండు వందల చిల్లర. అది ఎక్కువో తక్కువో ఎవరి జీతం వాళ్లకు చెబుతుంది. కానీ మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పొడిగిస్తే మిగిలేది నెలకు మూడు వందల నలభయ్యే. మూడేళ్లకు మార్చేవాళ్లను దుబారా మనుషులనడం అన్యాయం.

"ఆగితే తగ్గుతుంది" అన్నది చాలాకాలం కళ్లు మూసుకుని నమ్మదగ్గ సూత్రం. 2025 చివరి నుంచి అది సడలింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ విపరీతంగా పెరిగి ర్యామ్, స్టోరేజ్ ధరలు ఎగబాకాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, డేటా సెంటర్ల వైపు సరఫరా పెంచడానికి. ఫోన్ కంపెనీలకు లాభం పల్చగా ఉండే 15, 20 వేల ఫోన్లలో ఈ భారం ముందు కనిపిస్తుంది: ధర పెరగడమో, అదే ధరకు తక్కువ ర్యామ్ ఇవ్వడమో. ఆ ధరల్లో ఫోన్ అవసరం ఇప్పటికే ఉన్నవాళ్లు వచ్చే మోడల్ కోసం కాచుక్కూర్చోవడంలో అర్థం లేదు.

ఖరీదైన ఫోన్ కొనేవాళ్లకు మాత్రం విడుదల తర్వాత మూడు నాలుగు వారాలు ఆగడంలో పోయేదేమీ లేదు. ప్రీ-ఆర్డర్‌లో శాంసంగ్ 256 జీబీ ధరకు 512 ఇచ్చేలాంటి ఆఫర్ ఉంటే, ఎలాగూ కొనడం ఖాయమైతే, అదొక్కటే మినహాయింపు. 2023 సెప్టెంబరు 22న ఐఫోన్ 15 ప్రో అమ్మకాలు మొదలైతే వారం తిరక్కుండానే చేతికి కాలిపోతోందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అక్టోబరు 4న 17.0.3 అప్‌డేట్ వచ్చింది. మధ్యలో ఆ పన్నెండు రోజులు లక్షా ముప్పై వేల పైన పెట్టి కొన్న ఫోన్‌ను వాపసు ఇవ్వాలా, ఉంచుకోవాలా అని టెన్షన్ పడ్డది మొదటి వారం కొన్నవాళ్లే.